మత్తడికి అడ్డం కట్టిన గోడ

శంషాబాద్ వెళ్లొచ్చానని చెబితే చాలు, మా బందరులో అందరిదీ ఒకటే ప్రశ్న: "విమానం ఎక్కారా?" ఎక్కలేదు. మూడు రోజులు విమానాల కిందే తిరిగాను, వాటి మోతకు మాట మధ్యలో ఆపుకుంటూ బతికాను, ఒక్కటీ ఎక్కలేదు. అసలు ఎందుకు వెళ్లానో ఎవరూ అడగరు. అడగకపోయినా చెబుతాను.

నేను కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. పాత శాసనాలు చదవడం నేర్చుకున్నాను. ఆ విద్యతో ఇంతవరకూ ఎవరికీ పని పడలేదు. జూన్ మొదట్లో హైదరాబాదు నుంచి ఒక సంస్థవారు ఫోన్ చేశారు. విమానాశ్రయం దగ్గర రెండు రోజుల సదస్సట. విషయం, పురాతన సామ్రాజ్యాల పతనం నుంచి నేటి సమాజం నేర్చుకోవలసిన పాఠాలు. నాకు అరగంట ఇస్తామన్నారు. పొంగిపోయాను. చీరలు ఇస్త్రీ చేయించుకుని, రెండు కేజీల తొక్కుడు లడ్డు కట్టించుకుని బయల్దేరాను.

బస్సు దిగినా విమానంలో వచ్చినట్టే

శంషాబాద్‌లో బస్సు దిగి, నన్ను తీసుకెళ్లాల్సిన అమ్మాయికి ఫోన్ చేశాను.

"మేడమ్, మీరు ఎరైవల్స్ గేటు దగ్గరే ఉండండి, మా డ్రైవర్ బోర్డు పట్టుకుని నిలబడ్డాడు" అంది.

"నేను బస్టాండులో ఉన్నానమ్మా."

"ఫ్లయిట్ నంబర్ చెప్పండి మేడమ్."

"బస్సులో వచ్చానే తల్లీ!"

వాళ్ల జాబితాలో వక్తలంతా ఆకాశం నుంచే దిగాలి. కారు గేటు దగ్గర్నుంచి కదిలితే డ్రైవరుకు మాట వస్తుందట. చివరికి తేలిందేమిటంటే, బస్టాండు నుంచి నేనే ఇంకో బస్సెక్కి విమానాశ్రయానికి వెళ్లాలి, అక్కడ విమానం దిగినదానిలా నిలబడాలి, అప్పుడు వాళ్లు నన్ను కారెక్కించుకుని మళ్లీ శంషాబాద్ మీదుగానే హోటలుకు తీసుకొస్తారు. ఒళ్లు మండింది. అయినా వెళ్లాను. పిలిచిన చోటికి వచ్చి అలిగి వెనక్కు పోతే బందరులో నవ్వుతారు.

గేటు దగ్గర డ్రైవరు లేడు. టీ తాగడానికి వెళ్లాడట. నేనూ తాగుదామని వెళితే కాగితపు కప్పులో టీ రెండొందల పైచిలుకు. బస్టాండులో పదిహేను రూపాయలకు గట్టి చాయ్ తాగి ఇంకా గంట కాలేదు. కప్పు ముట్టుకోకుండానే వెనక్కి వచ్చి, లడ్డు సంచి పట్టుకుని ఎండలో నిలబడ్డాను.

అప్పుడు సామాను బండ్లు తోసుకుంటూ ఒక మనిషి వచ్చాడు. యాభై దాటిన మనిషి, ముదురు నీలం యూనిఫాం, మెడలో గుర్తింపు కార్డు. ముప్పై బండ్లను ఒకదానిలోకి ఒకటి దూర్చి పాములా తోస్తున్నాడు. నన్ను చూసి ఆగాడు.

"సంచి గీ బండి మీద పెట్టుండ్రి అమ్మా. ఎంతసేపని మోస్తరు?"

పేరు యాదయ్య. మహేశ్వరం వైపు ఊరు. ఏం పని మీద వచ్చానని అడిగాడు. చిరాకులో ఉన్నానేమో, ఉన్నదున్నట్టు చెప్పాను. "పాత రాజ్యాలు ఎందుకు కూలిపోయాయో చెప్పడానికి వచ్చాను. పాత రాళ్ల మీద రాతలు చదువుతాను."

ఆయన బండ్లు వదిలేశాడు. "రాతి మీద రాత సదువుతరా? నిజంగనా?"

ఆ తర్వాత డ్రైవరు వచ్చేదాకా ఆయనే మాట్లాడాడు. వాళ్లది నీరడి కుటుంబం. ఊరి చెరువు తూము తీయడం, మూయడం, ఏ పొలానికి ఎంత నీరు పోవాలో చూడడం తరతరాలుగా వాళ్ల పని. ఊళ్లో ఎంత పెద్దవాడైనా నీరడి లేకుండా తూము ముట్టుకోడు. ఇప్పుడు పొలాలన్నీ ప్లాట్లయ్యాయి, ఈయన ఇక్కడ బండ్లు తోస్తున్నాడు. కానీ చెరువు ఇంకా ఉంది, వానొస్తే నిండుతూనే ఉంది. నిండిన నీళ్లు పొర్లిపోయే చోటును మా వైపు కలుజు అంటాం, వాళ్లు మత్తడి అంటారు. ఆ మత్తడి కాలువకు అడ్డంగా ఒక లేఅవుటు వాళ్లు ప్రహరీగోడ కట్టేశారు.

"పోయిన వానకు నీళ్లు ఎనక్కి మర్లి మా వాడలకొచ్చినయి. మోకాలు దాకా. ఈసారి గట్టి వాన పడితే కట్టనే తెగుతది టీచరమ్మా. తెగితే మా వాడ ఉండదు. గాళ్లేమో గిది చెర్వే కాదు, మట్టి తవ్వుకున్న గుంట అంటున్రు. ఆఫీసులల్ల చెర్వు గీసిన పాత నక్ష దొరుకుతలేదు. ఎల్లుండి చెర్వుల ఆఫీసు మేడమ్ వస్తున్నది చూడనీకి. రుజువు సూపియ్యమంటది. మా తూము కాడ రాయి ఉన్నది, దాని మీద రాతలున్నయి. సదివేటోళ్లే లేరు. మీరు జర వచ్చి సదివిపోతరా?"

వస్తానన్నాను. నా విద్యతో పని పడిందని ఒక మనిషి నడిరోడ్డు మీద అడిగితే కాదనే ఓపిక నాకు లేదు.

కాకతీయ హాలులో రోమ్

రెండో రోజు సదస్సు. హోటల్లో హాళ్లకు రాజవంశాల పేర్లు పెట్టారు. మాకు శాతవాహన హాలు ఇస్తామన్నారు, కానీ అక్కడ ఎవరిదో నిశ్చితార్థం తగిలిందట, కాకతీయకు మార్చారు. గోడకు తోరణం బొమ్మ అంటించారు. ఏసీ నీళ్లు సరిగ్గా ఆ తోరణం మీదుగా కారుతుంటే కింద బకెట్టు పెట్టారు. బకెట్టు నిండితే ఎవరు తీయాలన్నది తేలక, హోటలు మనిషి సంస్థ మనిషిని, సంస్థ మనిషి హోటలు మనిషిని చూస్తూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి నీళ్లు కార్పెట్ మీదికి వచ్చాయి.

పొద్దున్నంతా రోమ్. సూటు వేసుకున్న ఒక యువకుడు రోమ్ పతనం నుంచి కంపెనీలు నేర్చుకోవలసిన ఏడు సూత్రాలు తెర మీద చూపించాడు. మూడోదానికే ఆవులింతలు. నా అరగంట మొదట ఇరవై నిమిషాలైంది, భోజనాల వేళకు ఎనిమిదైంది. "మేడమ్, సారాంశం చెప్పేయండి చాలు" అంది ఆ ఫోను అమ్మాయి. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

చెప్పదలుచుకున్నది పెద్ద విషయమేమీ కాదు. మా బందరు ఒకప్పుడు గోల్కొండ సుల్తానులకు రేవు. ఓడలు వచ్చేవి, కలంకారీ బట్టలు దేశాలు దాటేవి. ఇప్పుడు మేం చూపించడానికి మిగిలింది పరదేశీయుల సమాధులూ, ఒండ్రు మేటలూ. రాజధానిలో కోట పడిన రోజును చరిత్ర పుస్తకాలు రాసుకుంటాయి. రేవులో ఇసుక తీయడం ఎవరు మానేశారో, ఏ రోజు మానేశారో ఎవరూ రాయరు. రాజ్యం పడడం ఒక్క రోజు పని. మరమ్మతు చేసేవాడు ఇది నా పని కాదనుకోవడం మాత్రం ఏళ్ల తరబడి జరుగుతుంది, ఎవరి కంటికీ ఆనదు. ఇంతే నా ప్రసంగం. ఐదో నిమిషంలో గంట కొట్టారు. అప్పటికి సుల్తానుల పేరు కూడా రాలేదు.

భోజనాల్లో ఒక పెద్దమనిషి నా లడ్డు తింటూ "చాలా బాగుందండీ" అన్నాడు. ప్రసంగం అనుకుని సంతోషించబోయాను. లడ్డు గురించేనట. బిర్యానీ మాత్రం బాగుంది, అది దాచను. మా వైపు పెళ్లిళ్లలో పలావు పేరుతో పెట్టే పసుపన్నం గుర్తొచ్చి సిగ్గేసింది.

రాత లోపలికి

మూడో రోజు యాదయ్య సెలవు పెట్టుకుని స్కూటరు మీద వచ్చాడు. మహేశ్వరం దారిలో అటూ ఇటూ కంది చేలు ఉండాల్సిన చోట నంబరు వేసిన రాళ్లు, రంగురంగుల జెండాలు. ఎక్కడ చూసినా గేట్లే. గేటు దాటి చూస్తే ఇల్లుండదు. మా డెల్టాలో పొలం అమ్మితే చేపల చెరువు తవ్వుతారు, ఇక్కడ చెరువు పూడ్చి పొలమంటారు, ఆ తర్వాత దాన్నీ అమ్ముతారు.

వాళ్లింట్లో ముందు కూర్చోబెట్టి తినిపించారు. మా వైపు వచ్చినవాళ్లను నాలుగుసార్లు అడిగి, వాళ్లు నాలుగుసార్లు వద్దని, ఐదోసారి వడ్డిస్తాం. ఇక్కడ అడగడాల్లేవు. వేడి జొన్నరొట్టె, పచ్చిపులుసు, వెల్లుల్లి కారం ముందు పెట్టి యాదయ్య పెద్దమ్మ సాయమ్మ "తిను బిడ్డా" అంది, అంతే. ఆమెకు డెబ్బై దాటి ఉంటాయి. ఊళ్లో బోనం ముందు ఎత్తేది ఆమేనట. నాకు అరవై రెండు. నన్ను ఎవరైనా బిడ్డా అని పిలిచి చాలా ఏళ్లయింది.

తిన్నాక చెరువు కట్ట మీదికి వెళ్లాం. చెరువు నిజమైన చెరువే. ఎండిపోయి, మధ్యలో కాస్త నీటి చెమ్మతో ఉంది. కట్ట పొడుగునా రాతి కట్టడం. మత్తడి దగ్గర మెట్లలా పరిచిన రాళ్లు, అరిగి నున్నబడ్డాయి. అక్కడి నుంచి నాలుగడుగుల్లో సిమెంటు ఇటుకల గోడ, తల ఎత్తి చూడాల్సినంత ఎత్తు.

"రాయి ఎక్కడ?" అన్నాను. సంచిలో సుద్ద, బ్రష్, భూతద్దం అన్నీ సిద్ధం.

యాదయ్య మొహం వెలిగిపోయింది. తూము పక్కకు తీసుకెళ్లాడు. అక్కడ కొత్తగా కట్టిన గద్దె, దాని మీద పసుపు కుంకుమలతో కట్ట మైసమ్మ. చెరువు కట్ట తెగకుండా కాచే దేవత. చుట్టూ గులాబీ రంగు టైల్స్, వాటి మీద కలువ పూలు.

"రాయి గీడనే ఉన్నది టీచరమ్మా. లేఅవుటోళ్లు రాతిరికి రాతిరి ఎత్కపోతరేమోనని మొన్ననే మైసమ్మకు ఎన్కవెట్టి గద్దె కట్టించినం. ఊరంత తలా ఇంత ఏసుకున్నం. ఇగ ఎవ్వరు ముట్టరు."

"రాతలున్న వైపు ఎటుంది?"

"లోపలికి" అంది సాయమ్మ గర్వంగా. "ఎవ్వలు చెరపకుంట రాత లోపలికి పెట్టి సిమెంటు పోసినం బిడ్డా."

ఏడవాలో నవ్వాలో తెలియలేదు, ముందు అరిచాను. "చదవడానికి నన్ను పిలిచి, చదవాల్సిందాన్ని సిమెంటులో పెట్టారా? ఆ మేడమ్ ఇంకో గంటలో వస్తుంది కదయ్యా! ఆమెకేం చూపిస్తావు, కలువ పూల టైల్సా?"

ఏం చేశారో యాదయ్యకు అప్పుడు తెలిసింది. ఆ మొహం చూసి అరవడం ఆపేశాను. వీళ్లను మూర్ఖులనుకోవడానికి లేదు. వీళ్లకు తెలిసిన అతి గట్టి భద్రత అదే. తాళానికి దొంగ భయపడడు, మైసమ్మకు భయపడతాడు. మనం మాత్రం చేసిందేమిటి? రాజుల పేర్లు హాళ్లకు పెట్టి, తోరణాలు గోడకు అంటించి దండం పెడుతున్నాం, వాళ్లు కట్టినదాన్ని మాత్రం చదవం, వాడం. నిన్న నేను కూర్చున్న కాకతీయ హాలు కంటే ఈ గద్దె ఏం తక్కువ? నాకు వాళ్ల మీద వచ్చిన కోపం నిన్నటి సదస్సు మీదికి, అక్కడ ఎనిమిది నిమిషాలకు తలూపి కూర్చున్న నా మీదికి మళ్లింది.

తేదీ లేదు, రాజు లేడు

పదకొండుకు రావలసిన అధికారి ఒంటిగంటకు వచ్చింది. ముప్పై ఐదేళ్లుంటాయి, ఎండకు నల్లబడిన మొహం, అలిసిపోయిన మనిషి. లేఅవుటు సూపర్‌వైజరు గొడుగు పట్టుకుని వెంటే నడిచాడు.

"మేడమ్, ఇది గుంటండీ. మట్టి కోసం తవ్వారు. ఆ రాళ్లు ఎవరో పరుచుకున్నారు" అన్నాడు.

ఆమె మా వైపు తిరిగింది. "చెరువనడానికి మీ దగ్గర ఏమైనా ఉందా? మా ఆఫీసులో నక్ష లేదు. రెవెన్యూ వాళ్లను అడిగితే మున్సిపాలిటీ అంటారు, వాళ్లనడిగితే మమ్మల్నే చూపిస్తారు. ఒక్క ఆధారం చూపించండి, రాసుకుంటాను. లేకపోతే ఉన్నది ఉన్నట్టు రాస్తాను."

"ఉన్నది మేడమ్. గద్దెల ఉన్నది" అన్నాడు యాదయ్య.

"తీయండి మరి."

ఎవరూ కదల్లేదు. అప్పటికి కట్ట మీద పాతికమంది పోగయ్యారు. అందరూ తలలు దించుకున్నారు. ఆషాఢం దగ్గరకొస్తుంటే, బోనాల ముందు, అమ్మ కూర్చున్న గద్దె మీద ఎవడు గడ్డపార వేస్తాడు? యాదయ్య గడ్డపార తెచ్చాడు కానీ దాన్ని నేలకు ఆనించి నిలబడ్డాడు. సూపర్‌వైజరు గడియారం చూసుకున్నాడు. అధికారి కలం మూతపెట్టబోయింది. ఈ ఊరి వాడ ఉంటుందా పోతుందా అన్నది ఆ మూత మీద ఆగి ఉంది.

సాయమ్మ లేచి వచ్చింది. చెప్పులు విడిచింది. మైసమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, గద్దె మీది పసుపు కొంగుతో తుడుచుకుని, యాదయ్య చేతిలోంచి గడ్డపార లాక్కుంది.

"నా నెత్తి మీదికి రానియ్యి తల్లీ, పిల్లల మీదికి పోకు" అని మొదటి దెబ్బ ఆమే వేసింది. కలువ పూవు రెండు ముక్కలైంది. ఒకావిడ బావురుమంది. తర్వాత యాదయ్య, ఆ తర్వాత ఇంకో నలుగురు.

రాయి బయటికొచ్చింది. పై మూడు వరుసలు సిమెంటుతో పాటే పెళ్లలుగా ఊడిపోయాయి. రాజు పేరు, తేదీ ఉండే చోటు అదే. ఎన్నో వందల ఏళ్లు వానకూ ఎండకూ నిలిచిన అక్షరాలు నిన్నమొన్నటి సిమెంటుకు పోయాయి. కింది ఐదు వరుసలు మిగిలాయి. సుద్ద చాలక సాయమ్మ ఇంట్లోంచి జొన్నపిండి తెప్పించి రుద్దాను. అక్షరాలు తెల్లగా లేచాయి.

చదువుతుంటే అధికారి పక్కన గొంతుక్కూర్చుంది.

"ఏ రాజు?"

"పేరు పోయింది."

"ఎప్పటిది?"

"లిపిని బట్టి చాలా పాతది. తేదీ పోయింది."

"మరి ఏముంది?"

"చెరువు ఉంది. తూము ఉంది. ఈ తూమును కాచేవాడికి చెరువు కింద మడి ఇచ్చినట్టుంది. అతని కొడుకులూ మనుమలూ ఆ పని చేస్తూ ఆ మడి అనుభవించమని ఉంది. చివరి వరుస సగం చెరిగింది, ఈ ధర్మం చెరిపినవాడికి పాపం తగులుతుందన్న మాట వరకు చదవగలను."

యాదయ్య వంగి ఆ అక్షరాల మీద వేలు పెట్టాడు. "అంటే మా పనే రాసిండ్రా?" అన్నాడు. నేను తల ఊపాను. రాజు ఎవరో ఎవరికీ తెలియదు, అతని వంశం ఎప్పుడో పోయింది. ఆ తర్వాత వచ్చిన రాజ్యాలన్నీ కూడా పోయాయి. ఒక రాజ్యం పోయినప్పుడల్లా ఈ ఊళ్లో ఎవడో ఒకడు పొద్దున్నే లేచి తూము దగ్గరకు వెళ్లాడు కాబట్టి చెరువు నిలిచింది. ఇప్పుడు ఆ మనిషి సామాను బండ్లు తోస్తున్నాడు. ఇదే మాట నిన్న చెప్పి ఉండాల్సింది, అప్పటికి నాకు తెలియదు.

అధికారి ఫొటోలు తీసింది, నాతో సంతకం చేయించుకుంది. "చెరువు ఉన్నట్టే రాస్తాను. గోడ తీయించాలని కూడా రాస్తాను" అంది. సూపర్‌వైజరు గొడుగు మూసేశాడు.

"ఎప్పుడు తీపిస్తరు మేడమ్?" అన్నాడు యాదయ్య.

"నివేదిక పైకి వెళ్లాలి. నోటీసివ్వాలి. వాళ్లు జవాబివ్వాలి. రెండు నెలలు పట్టొచ్చు."

పడమట నల్లగా కమ్ముకుంటోంది. సాయమ్మ అటు చూసింది. "రెండు నెలలు వాన ఆగుతదా బిడ్డా?"

అధికారి చేతిలో అంతకంటే లేదు. నమస్కారం పెట్టి జీపెక్కింది.

సాయమ్మ గడ్డపార భుజానికెత్తుకుని మత్తడి వైపు నడిచింది. "మైసమ్మ గద్దెనే పలగ్గొట్టినం. గీ గోడెంత?" అంది, వెనక్కి చూడకుండానే. కట్ట మీదున్న ఆడవాళ్లంతా లేచారు. సూపర్‌వైజరు ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ పరుగెత్తాడు. మలుపు దగ్గర జీపు ఆగింది. మొదటి దెబ్బ చప్పుడు వాళ్లకూ వినపడే ఉంటుంది. ఎవరూ దిగలేదు. కాసేపాగి జీపు కదిలి వెళ్లిపోయింది.

నాలుగింటికి నా బస్సు. అది నాకు గుర్తుంది. అయినా కొంగు బిగించి, ఊడిన ఇటుకలు పక్కకు పడేయడం మొదలుపెట్టాను.

"ఇసిరేయకు బిడ్డా, సక్కగ పేర్చు" అంది సాయమ్మ రొప్పుతూ. "మైసమ్మకు మళ్ల గద్దె కట్టాలె."

"కట్టండి తల్లీ, మీకు దండం పెడతాను" అని అరిచాను, "ఈసారి రాత బయటికి పెట్టి కట్టండి!"